ఫినాయిలక్క కడిగిన డబ్బాలు

ఇరవై ఆరేళ్లు ఆస్పత్రి వార్డులు తుడిచిన మనిషికి మురికంటే పగ ఉండదా మరి? డాక్టర్ల దగ్గర్నుంచి రోగుల దాకా అందరికీ ఆమె ఫినాయిలక్కే. మోకాళ్లు అరిగాయని పనిలోంచి తీసేశాక తమ్ముడింటికి చేరింది. ఊరికే కూర్చుని తింటోందన్న మాట ఎక్కడ పడాల్సి వస్తుందోనని ఒకటే బెంగ. ఆ మాట ఎవరూ అనలేదు. అయినా మరదలు లేచేసరికే వంటింట్లో గిన్నెలన్నీ తళతళలాడేవి.

తమ్ముడు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎనిమిది తొట్లు పెట్టి క్యాట్‌ఫిష్ పెంచుతాడు. ఉన్న నీళ్లే తిరుగుతుంటాయి. తొట్లలోంచి పైపుల్లో పడి మూలనున్న రెండు పెద్ద డబ్బాల్లోకి పోతాయి, అక్కడ బాగుపడి మళ్లీ చేపల దగ్గరికి వస్తాయి. ఆ డబ్బాల నిండా ప్లాస్టిక్ బిళ్లలు. వాటికి పట్టిన గోధుమరంగు జిగురు చూసినప్పుడల్లా ఆమె చెయ్యి చీపురు కోసం వెతుక్కునేది.

"అక్కా, నాలుగు రోజులు మేత నువ్వే చూడు. ఆ డబ్బాల జోలికి మాత్రం పోకు," అని చెప్పి తమ్ముడు చేపపిల్లలు కొనడానికి బయల్దేరాడు.

పిచ్చిది, ఆ మాటకు వేరే అర్థం తీసుకుంది. బతుకంతా కంపు కడిగిన అక్క చేత మళ్లీ అదే పని చేయించడం వాడికి మనసొప్పలేదనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక ఊరుకుంటుందా! పంపు ఆపి, బిళ్లలన్నీ బయట పోసి, బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, వాసన పోయేదాకా జాడించి, మళ్లీ డబ్బాల్లో నింపి పంపు వేసింది. నడుము పడిపోయింది. వాడొచ్చి చూసి ఏమంటాడోనని తనలో తనే నవ్వుకుంది.

మూడోనాడు చేపలు మేత ముట్టలేదు. ఎండకనుకుంది. నాలుగోనాడు మీసాలు పైకెత్తి నీటిమీద నోళ్లు తెరిచాయి. తమ్ముడు వచ్చేసరికి సగానికి సగం వెల్లకిలా తేలాయి.

అతను డబ్బా మూత తీసి, ఒక బిళ్లను వేలితో రుద్ది చూశాడు.

"కడిగావా అక్కా?"

"ఒక్క మరక కూడా ఉంచలేదురా," అంది.

"అది మురికి కాదక్కా. ప్రాణమున్న జిగురు. చేపలు వదిలే విషాన్ని తినేది అదే. మళ్లీ పట్టాలంటే నెలపైనే పడుతుంది."

తిట్టలేదు. తిట్టినా బాగుండునని ఆమెకు అనిపించింది. మంచినీళ్లు ఎన్ని పోసినా మిగిలినవీ దక్కలేదు. సాయంత్రం దాకా అక్కాతమ్ముళ్లు చచ్చిన చేపల్ని గోతాల్లోకి ఎత్తారు.

భోజనాలయ్యాక ఆమె పళ్లేలు తీయబోయింది. మరదలు మెల్లగా చెయ్యి పట్టుకుంది.

"ఉంచండి వదినా, నేను కడుక్కుంటాను."

ఆ గొంతులో కోపం లేదు. భయముంది. అది ఫినాయిలక్క గుండెలో గుచ్చుకుంది.

మర్నాడు అలవాటుగా అందరికంటే ముందే లేచింది. గిన్నెలన్నీ రాత్రే కడిగి బోర్లించి ఉన్నాయి. వంటింటి గడప దగ్గర చేతులు ఒళ్లో పెట్టుకుని కూలబడింది. కాసేపటికి మరదలు పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. ఆమె ఊరికే కూర్చుని తింది.