రోజుకు రెండున్నర లీటర్లు

కర్ణాటక అంచున ఉన్న తెలుగు పల్లె క్యాతగానచెర్లులో సుంకన్నను దొంగ అన్న మనిషి అంతవరకూ పుట్టలేదు. ఇరవై ఏళ్లు లారీ తోలాడు. శెనక్కాయల మూటలు ఎన్ని ఊళ్లు దాటించాడో లెక్కలేదు, ఒక్క కాయ జేబులో వేసుకున్న పాపాన పోలేదు. ఉన్న ఆరెకరాలూ సోలార్ పార్కుకు కౌలుకిచ్చాక లారీ దిగి, పార్కులో పనిచేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో కారు డ్రైవరుగా చేరాడు. అలాంటివాణ్ణి దేవరాజ్ అనే కొత్త మేనేజరు, క్యాంటీన్లో ఇరవైమంది అన్నం తింటుండగా, "పెట్రోలు ఎవరికి అమ్ముకుంటున్నావు సుంకన్నా?" అని అడిగేశాడు. అడగడమా అది! చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు.

ఇక్కడ ఆ కారు సంగతి చెప్పాలి. బెంగళూరు పెద్దాఫీసువాళ్లు మోజు తీరాక సైటుకు తోలేసిన విదేశీ బండి అది. పెట్రోలూ తాగుతుంది, కరెంటూ తాగుతుంది. రాత్రి డ్రైవరు తన ఇంటికి తీసుకుపోయి ప్లగ్గుకు తగిలించి చార్జి చేస్తే పొద్దున బ్యాటరీ మీద పోతుంది. బ్యాటరీ అయిపోయాక ఇంజను అందుకుంటుంది. కంపెనీ కాగితంలో లీటరుకు యాభై కిలోమీటర్లని రాసి ఉంది. సుంకన్న తెచ్చిన బిల్లులు చూస్తే పదహారు దాటదు. మిగతా పెట్రోలు డ్రైవరు తాగాడా? ఇదీ దేవరాజ్ ప్రశ్న.

ఇంటికొచ్చి చెబితే భార్య దాసమ్మ చేటలోని బియ్యం అట్లాగే పక్కన పెట్టేసింది. "దేవుని ముందర కర్పూరం ఆర్పి ప్రమాణం చేసి రాప్పా. నిజమేందో లోకానికి తెలుస్తాది."

"కర్పూరం ఆర్పేదానికి నేనేమన్నా కోళ్లదొంగనా? కాగితం మాట కాగితానిది. బండే సాక్ష్యం చెప్తాది చూడు" అన్నాడు సుంకన్న.

లారీవాళ్లకు ఒక పాత పద్ధతి ఉంది. ట్యాంకు మూతిదాకా నింపడం, తోలడం, మళ్లీ అదే బంకులో మూతిదాకా నింపడం. రెండోసారి ఎంత పట్టిందో బండి అంతే తాగినట్టు. అందులో మోసానికి చోటు లేదు. మర్నాడు దేవరాజ్ గదిలోకి పోయి, "మీరే పక్కన కూచోండి సార్, నా మాట నమ్మొద్దండి" అన్నాడు. దేవరాజ్ ఒప్పుకున్నాడు. మనిషి ముక్కోపి కానీ, న్యాయం చెబితే వినని రకం కాదు. ఆ రాత్రి కారును పావగడ టౌనులోని కంపెనీ ఆఫీసులోనే ఉంచి నిండా చార్జి పెట్టించాడు.

పొద్దున పావగడ బంకులో ట్యాంకు నింపుకుని బయలుదేరారు. కారు తెర మీద బ్యాటరీకి యాభై ఐదు కిలోమీటర్లని చూపిస్తోంది. ఏప్రిల్ ఎండ, లోపల ఏసీ, వెనక నాలుగు పనిముట్ల పెట్టెలు. వై.ఎన్.హొసకోటలో పని చూసుకుని పార్కు వైపు తిరిగారో లేదో, ముప్పై ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఇంజను గుర్రుమంది.

సుంకన్నకు పట్టరాని సంతోషం. "చూసినారా సార్? యాభై ఐదనింది, ముప్పై ఎనిమిదికే చేతులెత్తేసింది. కాగితమే అబద్ధం!"

దేవరాజ్ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. సాయంత్రానికి ఎనభై కిలోమీటర్లు తిరిగి అదే బంకుకు వచ్చారు. మూతిదాకా పోయిస్తే పట్టింది రెండున్నర లీటర్లు.

"లీటరుకు ముప్పై రెండు" అన్నాడు దేవరాజ్ మెల్లగా. "కాగితం అబద్ధమే, ఒప్పుకుంటాను. మరి నీ బిల్లుల్లో పదహారేంటి? రోజూ ఈ దారే కదా. రోజుకు రెండున్నర లీటర్లు ఎక్కడికి పోతున్నాయి?"

అయ్యో సుంకన్నా! ఉరితాడు తనే పేనుకుని తనే మెడకు తగిలించుకున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో అతనికి అప్పుడు తెలిసింది. అతని ఊళ్లో బోరు మోటర్లకు కరెంటు ఊరికే వస్తుంది, మీటరు ఉండదు. కొలత లేనిదాన్ని లెక్కలో పెట్టుకునే అలవాటు ఆ రైతుకు ఏనాడూ లేదు. కారుకు తిండి అంటే పెట్రోలేనని, కరెంటు పైపై సోకేనని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆ సోకే సగం తిండి అని బండి సాక్ష్యం చెప్పింది.

చెమట తుడుచుకున్నాడు. నిజం చెబితే ఉద్యోగం పోవచ్చు, చెప్పకపోతే పరువు పోతుంది. ఉద్యోగమే పోనీ అనుకున్నాడు.

"నేను చార్జింగు పెట్టేది లేదు సార్. ఏడు నెలలాయ, ప్లగ్గు పీకేసి."

"రోజూ పెట్టమని రాసిచ్చాం కదా! ఎందుకు పీకావు?"

"చెప్తే నమ్మరు. మా ఇంటికి రాండి, చూపిస్తా."

క్యాతగానచెర్లు చుట్టూ కనుచూపు మేర సోలార్ పలకలే. వాటి కరెంటు పెద్ద తీగలెక్కి ఎటో వెళ్లిపోతుంది. ఊరి ట్రాన్స్‌ఫార్మరు మాత్రం తాతలనాటిది, ఇళ్లకూ బోరు మోటర్లకూ అదొక్కటే. సుంకన్న ఇంటి పక్కనే నరసక్క అనే ముసలామె, పార్కుకివ్వకుండా మిగుల్చుకున్న తన ఎకరన్నరలో టమాటా వేసింది. మోటర్లు నడిచే త్రీఫేజు కరెంటు సాయంత్రం ఆరింటికి వచ్చి రాత్రి మాత్రమే ఉంటుంది. వాళ్లు చేరేసరికి మోటరు నడుస్తోంది, కాలవలో నీళ్లు పారుతున్నాయి.

సుంకన్న కారుకు ప్లగ్గు తగిలించాడు. వరండాలో బల్బు ఎర్రబడింది. చేలో మోటరు మూలగసాగింది, నీటిధార సన్నగిల్లింది. నరసక్క గట్టు మీద నుంచి కేకేసింది. "ఎవురప్పా అది కరెంటు లాగేది? మోటర్ కాలిపోతాది! మీ కడుపులు కాల!"

సుంకన్న ప్లగ్గు పీకేశాడు. మోటరు మళ్లీ గుక్క తిప్పుకుంది.

"పోయినేడు ఆమె మోటర్ ఒగసారి కాలింది సార్. కొత్తగా బండి తెచ్చిన వారంలోనే. నా వల్లనో కాదో ఆ దేవునికే తెలియాల. అప్పట్నుంచి నాకు చెయ్యి రాలేదు." ప్లగ్గు వైరు చుట్టి పక్కన పెట్టాడు. "పని సరిగ్గా చెయ్యలేదనండి, ఒప్పుకుంటా. పెట్రోలు దొంగ అనొద్దండి."

మాటలు విని నరసక్క చీర చెంగు దోపుకుంటూ వచ్చింది. సంగతి తెలిసి సుంకన్న మీదే విరుచుకుపడింది. "ఒగ మాట నాతో అనకూడదా నాయనా? దినం మార్చి దినం నీళ్లు కట్టుకునేదాన్ని కదా! నా టమాటాకు నువ్వు మాట పడతావా?"

దేవరాజ్ అయినా పట్టు వదల్లేదు. మర్నాడు చార్జి లేకుండా అదే దారిలో ఎనభై కిలోమీటర్లు తిప్పించాడు. సరిగ్గా ఐదు లీటర్లు పట్టింది. లీటరుకు పదహారు.

"సరే సుంకన్నా, రిపోర్టులో నీ తప్పు లేదని రాస్తాను. ఇకనుంచి కారు పావగడలోనే ఉంటుంది, చార్జింగు అక్కడే. నువ్వు బస్సులో రావాలి" అన్నాడు.

"బస్సులోనే వస్తా. రిపోర్టు ఎవురు చదువుతారు సార్? మీరు అనింది నలుగురిలో."

దేవరాజ్ ముఖం ఎర్రబడింది. కారు దిగి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం క్యాంటీన్లో అందరూ తింటుండగా దేవరాజ్ లేచి నిలబడ్డాడు. ముందు కన్నడంలో, తర్వాత తెలుగులో చెప్పాడు. "సుంకన్న పెట్రోలు ముట్టలేదు. చూసుకోకుండా నేనే అన్నాను. తప్పు నాది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవడో "అట్ల చెప్పండి సార్" అన్నాడు, అంతే. సుంకన్న తల ఎత్తలేదు. ఎత్తితే కళ్లల్లో నీళ్లు అందరికీ కనబడేవి. కాసేపటికి వడ్డించేవాడు అటుగా వస్తే కంచం ముందుకు జరిపాడు.

"ఇంగొంచెం పెట్టప్పా" అన్నాడు. "నాలుగు దినాలాయ, అన్నం సయించక."