లాంచి మీద పన్నెండు అక్షరాలు

2001 మార్చి 9, శుక్రవారం. అప్పటికి నేను రాజమండ్రిలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో డీటీపీ సెక్షన్ ఇన్‌చార్జిని. అదే ప్రెస్సులో 1977లో సీసపు అక్షరాలు కూర్చే కంపోజిటర్‌గా చేరాను. 1996లో అక్షరాల అరలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. పంతొమ్మిదేళ్ల సర్వీసు తర్వాత మళ్లీ మొదటి పాఠం నుంచి నేర్చుకున్నాను. నా సెక్షన్‌లో నేను కాక ఒక్కరే ఆపరేటరు, ఎస్తేరు రాణి.

బోర్డులు, స్టిక్కర్లు కోరల్‌డ్రా అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములో చేసేవాళ్లం. ఆ రోజుల్లో మా తెలుగు ఫాంటు ‘లాకు’తో వచ్చేది. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క. దాన్ని కంప్యూటరు వెనక తగిలిస్తేనే తెలుగు కనిపిస్తుంది. అది లేని చోట ఫైలు తెరిస్తే మాటలన్నీ అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలైపోతాయి. అందుకే బయటికి పంపే ఫైలును ‘కర్వ్స్’ చేయాలి. అక్షరాలను ఎంచుకుని కంట్రోల్, క్యూ కలిపి నొక్కితే అవి ఫాంటుతో సంబంధం తెంచుకుని ఉత్త గీతల బొమ్మలవుతాయి. ఇక ఎక్కడా చెదరవు. కాని ఆ తర్వాత అందులో మాట మార్చడం కుదరదు. కాబట్టి ప్రతి పనికీ రెండు ఫైళ్లు ఉండాలని, ఒకటి అక్షరాలతో, ఒకటి కర్వ్స్‌తో, 1999 జులై నుంచి నియమం పెట్టాను. ఫ్లాపీలు దండగ అని ఎస్తేరు సణిగేది.

గురువారం సాయంత్రం లాకు చచ్చిపోయింది. కొత్తది హైదరాబాదు నుంచి రావాలి, మంగళవారానికి గాని రాదన్నారు. శుక్రవారం ఉదయం పదకొండుకి లాంచి ఓనరు వీర్రాజు గారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు. ఆయన కొత్త లాంచికి పేరు స్టిక్కర్లు అంతకు వారం ముందే చేసి ఇచ్చాం. ఆ ఉదయం తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు అన్నీ చూసి, రెండు వైపులా ఒక లైను లేదని పర్మిట్ ఆపేశారట. ‘అరవై మందికి మించి ఎక్కరాదు.’ అంకె వేస్తే చెరిపి మార్చేస్తారు కాబట్టి అక్షరాల్లోనే ఉండాలి. రంగు నీళ్లకు కారుతుంది కాబట్టి స్టిక్కరే ఉండాలి. శనివారం పన్నెండు లోపు చూపిస్తే సరి, లేకపోతే ఇన్‌స్పెక్టరు గారు మళ్లీ వచ్చేది వచ్చే నెలలో. ఆదివారం పట్టిసీమకు పెళ్లివారి ట్రిప్పు. పెళ్లికూతురు వీర్రాజు గారి మేనకోడలు.

లాకు పోయిందని చెప్పాను. ఊళ్లో తెలుగు ఫాంటు ఉన్న మిగతా రెండు చోట్లకూ ఫోను చేశాను. రెండు చోట్లా పెళ్లికార్డుల రద్దీ, సోమవారం దాకా కుదరదన్నారు.

వీర్రాజు గారు కుర్చీలో కూలబడ్డారు. “ఏంటండీ సుభద్ర గారూ, ఊరు ఊరంతా మీరు రాసిన బోర్డులేనంటారు. నాకొచ్చేసరికి ఒక్క లైను లేదంటారా?”

ఆ మాటతో చటుక్కున తట్టింది. ఊరంతా బోర్డులే! ఆ బోర్డుల కర్వ్స్ ఫైళ్లన్నీ నా దగ్గర ఫ్లాపీల్లో ఉన్నాయి. లాకు పోయినా అవి చెదరవు. సీసపు రోజుల్లో అరలో ఒక అక్షరం అయిపోతే, అచ్చు పూర్తయిన ఫారం, అంటే అక్షరాలు బిగించిన పేజీ చట్రం, విప్పి అందులోంచి తీసుకునేవాళ్లం. ఇదీ అంతే కదా!

“మూడింటికి రండి,” అన్నాను.

లైనులో మొత్తం పన్నెండు అక్షరాలు. కాగితం మీద పన్నెండు గళ్లు గీశాను. కంటి డాక్టరు గారి ‘కంటి వైద్యశాల, అద్దాలు’ బోర్డులో అ, వై దొరికాయి. ‘కిరాణా దుకాణం’లో కి, రా, దు. లాంచి సొంత బోర్డు ‘శ్రీ గౌతమి లాంచి, రాజమండ్రి’లో మం, చి. ఏడు సిద్ధం.

“డాక్టరు గారి ‘వై’ టిక్కెట్టు లేకుండా లాంచెక్కేస్తోందండోయ్!” అంది ఎస్తేరు. అప్పటికి తనూ సణగడం మానేసి ఫ్లాపీలు వరసగా అందిస్తోంది.

మరి నాలుగు అతకాలి. రా దీర్ఘం తీసేసి, ‘కంటి’లోని క తలకట్టు తెచ్చి పెడితే ర. వైద్యశాలలో ద తీసుకుని, దాని తలకట్టు కోసి, కి మీది గుడి పెడితే ది. గౌతమిలో మి పక్కన సున్న చేరిస్తే మిం. క కింద చిన్న క, తలకట్టు లేకుండా, పెడితే క్క. అతికిన ముక్కలను ‘వెల్డ్’ చేసి ఒకే గీతగా కలపాలి. లేకపోతే స్టిక్కరు కోసే మెషీను బ్లేడు ముక్కలు కలిసిన చోటల్లా కోసేస్తుంది, అక్షరం ఊడి చేతిలోకి వస్తుంది.

ఒంటిగంటా ఇరవైకి పదకొండు అయ్యాయి. మిగిలింది ఎ.

ఎ ఎక్కడుందో నాకు తెలుసు. ‘ఎరువుల దుకాణం’. ఫ్లాపీ వేశాను. తెర మీద ఇంగ్లిషు అక్షరాల చెత్త. రెండేళ్లలో ఆ ఒక్క పనికే కర్వ్స్ ఫైలు లేదు. పనుల రిజిస్టరు తీశాను: 2000 ఆగస్టు 11, వరలక్ష్మీ వ్రతం, చేసింది నేనే. పూజకు తొందరపడి ఇంటికి వెళ్లిపోయాను.

“ఎస్తేరు చేసుంటే ఈపాటికి ఎన్ని తిట్లు తిట్టేవారండీ?” అంది తను, ఎటో చూస్తూ. అది నిజమే.

అయితే ప్రతి పనిదీ అచ్చయిన కాపీ ఒకటి కవరులో దాచే అలవాటు సీసపు కాలం నుంచి ఉంది. ఆ కవరులో ఎరువుల దుకాణం బిల్లు కాగితం దొరికింది. పైన పేరు అదే ఫాంటులో ఉంది. ఎ ఎత్తు తొమ్మిది మిల్లీమీటర్లు. స్కాన్ చేసి, పెద్దది చేసి, దాని అంచు వెంట చుక్క చుక్కా పెడుతూ గీశాను. మొదటిసారి 31 చుక్కలు పడ్డాయి. చుక్కలు ఎక్కువైతే బ్లేడు గతుకులుగా నడుస్తుంది. ఒక్కొక్కటీ తీస్తూ వంపు సరిచేస్తూ 14కి తెచ్చాను. చివరి వంపు సరిగ్గా కూర్చున్నప్పుడు ఇద్దరం ఒకేసారి అరిచాం. పక్క గదిలోంచి మెషీన్‌మ్యాన్ కరెంటు కొట్టిందేమోనని పరిగెత్తుకొచ్చాడు. అప్పుడు టైము రెండూ యాభై. మూడింటికి వచ్చిన వీర్రాజు గారికి లైను తెర మీద చూపించాను.

శనివారం ఉదయం బయట స్టిక్కరు కోయించి రెండు వైపులా అతికించాం. పదకొండున్నరకి ఇన్‌స్పెక్టరు గారు దూరం నుంచి చదివారు, దగ్గరికొచ్చి గోటితో ఒక మూల గీకి చూశారు, సంతకం పెట్టారు. అక్షరాలు ఎక్కడివని అడగలేదు. అడగనంత సరిగ్గా ఉన్నాయని నేను పొంగిపోయాను. ఆదివారం లాంచి బయలుదేరింది. పిలిచినా వెళ్లలేదు, ఎందుకంటే పెళ్లివారే సరిగ్గా అరవై మంది.

మంగళవారం కొత్త లాకు వచ్చింది. మొదటి పనిగా ఫాంటులోని అసలు ఎ తెచ్చి నేను గీసిన దాని మీద పెట్టి చూశాను. తోక దగ్గర వెంట్రుకవాసి తేడా. మిగతా అంతా ఒకటే. తర్వాత ఎరువుల దుకాణం ఫైలు తెరిచి, కర్వ్స్ చేసి, రెండో ఫైలు దాచి, రిజిస్టరులో ఆ తేదీ ఎదురుగా ‘పూర్తి, 2001 మార్చి 13’ అని రాశాను.

టైపు చేసినంతసేపూ అక్షరం ఫాంటుది. కర్వ్స్ చేశాకే అది మన చేతికొచ్చిన సరుకు. సరుకును దాచాలి, ఎక్కడ దాచామో రాసుకోవాలి. నియమం పెట్టినవాళ్లు దాన్ని తప్పిన రోజు కూడా అదే రిజిస్టరులో కనబడాలి.