చూస్తేగాని నమ్మని ఆడిటరు

ఆడిటరు గారికి ఒకటే జబ్బు. ఏ వస్తువైనా కళ్ళారా చూసి, వేలితో తడితేగాని ఉందని ఒప్పుకోరు. "ఏదీ, చూపించండి" అన్నది ఆయన ఊతపదం. ఆఫీసుల్లో ఆయన పేరే 'ఏదీగారు' అయిపోయింది. పళ్ళ డాక్టరు "పన్ను పీకేశానండీ" అంటే, దూది కుక్కిన నోటితోనే "ఏవీ, ఊపించండి" అన్నారట.

ఆ ఏడు ఆయన ఒక రంగుల కంపెనీకి వచ్చారు. అక్కడ లెక్కలు రాసే ఆవిడకు పొద్దుటినుంచీ గుండె దడగా ఉంది. గోదాము నిండా రంగు డబ్బాలున్నాయన్న కాగితం మీద మధ్యాహ్నంలోగా సంతకం పెట్టమని యజమాని హుకుం. ఆవిడ ఆ గోదాము గడపైనా తొక్కి ఎరగదు. పెట్టనంటే ఉద్యోగం పోతుంది.

"గోదాము మీరు చూడనక్కర్లేదండీ," అన్నాడు యజమాని. "బ్యాంకు ఇనస్పెక్టరు గారు చూసినట్టు రాసిచ్చారు. ఆయనకు జరిగిన మర్యాదే మీకూ జరుగుతుంది."

"ఏదీ, చూపించండి."

యజమాని మొహం చేటంతయింది. సొరుగు లాగి లావుపాటి కవరు చూపించాడు.

"బాగుంది. దీన్ని లెక్కల్లో ఎక్కడ కలుపుతారు?"

"ప్రచారం ఖర్చుల్లోనండీ. ఇనస్పెక్టరు గారిదీ అందులోనే."

"ఏదీ, చూపించండి."

యజమాని హుషారుగా అదీ చూపించాడు. ఏ గోడ మీదా ఒక్క ప్రకటన లేని ఆ కంపెనీకి ప్రచారం ఖర్చు జీతాలను మించిపోయింది. ఆ కన్నం పూడ్చడానికి లేని సరుకు, లేని సరుకు మీద లేని లాభం. ఏటా నివేదిక మాత్రం నిగనిగలాడుతూ వచ్చేది.

కవరు ముట్టకుండా ఆయన లేచి, లెక్కలు రాసే ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళారు. "అమ్మాయ్, ఆ సరుకు నువ్వు చూశావా?"

"లేదండీ."

"అయితే పద."

గోదాములో ముందు వరస డబ్బాలు నిండుగానే ఉన్నాయి. ఆయన నిచ్చెన ఆనించి, "వెనకవి ఎక్కి చూడమ్మా" అన్నారు.

"నేనాండీ?"

"నువ్వే."

ముసలాయన్ని మనసులో తిట్టుకుంటూ ఎక్కింది. డబ్బా తడితే ఖంగుమంది. మూత తీస్తే అడుగునుంచి ఒక సాలెపురుగు తలెత్తి చూసింది. పక్కది తెరిచింది, దాని పక్కది తెరిచింది. దడ పోయి, ఆవిడకు ఊపొచ్చింది. "ఇదీ ఖాళీనే సార్. ఇదీనూ" అని పైనుంచి కేకలేస్తుంటే, కింద యజమానికి ముచ్చెమటలు పోశాయి.

ఆవిడ సంతకం పెట్టలేదు. ఆడిటరు గారు ఉన్నదున్నట్టు రాసేశారు. గుట్టు రట్టయింది. విచారణలో యజమాని, "సరుకు లెక్కలు ఆవిడవి, నాకేం తెలుసు?" అని చేతులు దులుపుకున్నాడు. ఆవిడ తడుముకోకుండా తెరిచిన డబ్బాలన్నీ వర్ణించింది, సాలెపురుగుతో సహా. అధికారి నవ్వాపుకుని ఆవిడను ఇంటికి పంపేసి, యజమానిని కూర్చోబెట్టాడు.

వేరేచోట ఉద్యోగం దొరికాక, ఆవిడ ఆడిటరు గారింటికి వెళ్ళింది. "ఆ రోజు మీరే ఎక్కొచ్చుగా సార్, నన్నెందుకు ఎక్కించారు?"

"నాకు నిచ్చెనంటే కళ్ళు తిరుగుతాయమ్మా."

కాఫీ తెస్తున్న ఆయన భార్య ఆగిపోయింది. "ఆయన మాట నమ్మకమ్మా. పొద్దున్నే అటకెక్కి కూర్చుంటే నేనే దింపాను. పై వాళ్ళు తిన్నది కక్కేటప్పుడు కింద సంతకం పెట్టినవాళ్ళ మీదే పడుతుందని, ఎక్కడికెళ్ళినా సంతకానికి ముందే సరుకు వాళ్ళ చేతే చూపిస్తారు."

ఆడిటరు గారు మొహానికి అడ్డంగా పెట్టుకున్న పేపరు తలకిందులుగా ఉంది.