వీరదుర్గ కారుకు బావ పెట్టించిన స్విచ్చి

మా బావ ప్రసన్నకుమార్ దృష్టిలో ఏ పనీ దానంతట అది జరగకూడదు. రొయ్యల చెరువుల మీద మోటార్లకి అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకుంటుంటే, ఆయన ఉన్నవాటిని పీకించాడు. కరెంటు వచ్చినప్పుడల్లా పరుగెత్తుకెళ్లి తనే స్విచ్చి వెయ్యాలి. అన్నం ముందు కూర్చున్నా కాలు కాలిన పిల్లే. చూసేవాళ్లకి ఆయాసం వస్తుంది.

మా అక్క వీరదుర్గకి భీమవరంలో చెరువు నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్ ఉంది. స్కూటీ మీంచి పడి ఎడమ మడమ విరిగాక క్లచ్చి తొక్కలేకపోయింది. అందుకని ఏరి ఏరి పాత ఆటోమేటిక్ కారు కొనుక్కుంది. నీళ్ల సీసాలు పట్టుకుని చెరువు చెరువుకీ తనే తిరుగుతుంది. ఎవరినీ బతిమాలే పని లేదు. ఆ కారంటే అక్కకి ప్రాణం.

బావ ఊరుకుంటాడా? అలాంటి కార్లలో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ నడుమ ఆయిల్‌తో పనిచేసే టార్క్ కన్వర్టర్ ఉంటుంది. వేగం అందుకున్నాక అందులో లాక్ పడి, రెండూ కలిసి తిరుగుతాయి. పెట్రోలు కలిసొస్తుంది. బండి నెమ్మదిస్తే ఆ లాక్ దానంతట అదే వదులుతుంది. ఈ చివరి ముక్క విన్నాక బావకి నిద్ర పట్టలేదు. ఒక ఎలక్ట్రీషియన్ని పట్టుకుని లాక్‌కి విడిగా స్విచ్చి పెట్టించాడు. ఆగేముందు అది తీయకపోతే ఇంజను ఆగిపోతుంది.

"నాకెందుకండీ ఇది?" అంది అక్క.

"నువ్వు తోలు. స్విచ్చి నేను చూసుకుంటాగా," అని పక్క సీట్లో చేరాడు. వేస్తాడు, తీస్తాడు, మళ్లీ వేస్తాడు. అక్క రోడ్డు చూడాలా, ఆయన వేళ్లు చూడాలా?

మొన్న పొద్దున్న నేను వెనక సీట్లో ఉన్నాను. కాలువ వంతెన దగ్గర ఎదురుగా బస్సు వస్తే అక్క బ్రేకు తొక్కింది. సరిగ్గా అప్పుడే చెరువు నుంచి బావకి ఫోను, కరెంటు పోయిందని. స్విచ్చి సంగతి మరిచాడు. కారు ఒక్క కుదుపు కుదిపి వంతెన మొదట్లోనే ఆగిపోయింది. వెనక ఐసు లారీ డ్రైవరు దిగి వచ్చాడు.

"ఆడోళ్లకి స్టీరింగిస్తే ఇంతేనండి!"

బావ అద్దం దించి, "ఏం చేస్తామండీ," అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క తాళం తిప్పలేదు. వెనక హారన్లు మోగుతున్నాయి. "ఆపిందెవరో ఆయనకి చెప్పండి. చెప్పాకే కదులుతాను," అంది.

బావ అటూ ఇటూ చూశాడు. ఫోను జేబులో పెట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి దిగి, "నేనేనండి. స్విచ్చి నా చేతిలో ఉంది," అన్నాడు.

"మరి ఆవిడ బండిలో మీకేంటండీ పని?" అన్నాడు డ్రైవరు.

అక్క చెయ్యి చాపి స్విచ్చి తీసేసింది. ఇంజను స్టార్టు చేసింది. బావ ముందు తలుపు తెరవబోతే, "వెనక కూర్చోండి," అంది.

కూర్చున్నాడు. భీమవరం చేరేదాకా ఆయనకి చెయ్యడానికి ఏ పనీ లేదు. పాపం, మనిషి అంత కష్టపడగా నేనెప్పుడూ చూడలేదు.