మంచం దాకా వినపడితే చాలు

అరవైల్లో నందిగామలో ఒంటిగది వాటాలో అద్దెకుండేవాణ్ణి. రికార్డు ప్లేయరుకి తోడుగా, పుస్తకాల గూట్లో ఇమిడే చిన్న స్పీకరు పెట్టె ఒకటి సంపాదించాను. దానికి తగ్గ ఆంప్లిఫయరు కోసం జగ్గయ్యపేటలో మైకుసెట్టు కొట్టుకి వెళ్లాను. పెళ్లిపందిట్లో మంత్రాలు పురోహితుడికే వినపడకపోయినా, పాటలు మాత్రం పక్క ఊరికి వినపడాలనుకునే జనం మావాళ్లు. కొట్టు ఆసామి వాళ్లకి అలవాటుపడ్డవాడు. ముందుగా ఇనప్పెట్టె అంత దాన్ని చూపించాడు.

“ఇది పెడితే పెనుగంచిప్రోలు దాకా వినపడుద్దండి!”

“నాకు మంచం దాకా వినపడితే చాలు. అన్నిటికన్నా చిన్నది ఇవ్వండి.”

అతను జాలిగా చూశాడు. “ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాగాలేదా అండీ?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. పెళ్లివారెవరూ ముట్టని బుల్లిదాన్ని పట్టుబట్టి తెచ్చుకున్నాను. రికార్డు పెడితే పాట సన్నగా, శుభ్రంగా వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోతుండగా, గోడవతలి వాటాలో ఉండే ఇంటి యజమానురాలు గుమ్మంలోకి వచ్చింది. గోల ఎక్కువైందంటుందేమోనని సంజాయిషీ మొదలెట్టాను.

“గోలా పాడా! చెవి గోడకి ఆనించినా సగమే వినపడతంది. గోడ ఇద్దరిదీ అయినప్పుడు, పాట మీ ఒక్కరిదే ఎట్టా అవుద్దండీ?”