ఖాళీ గడి

అది మా ఆయనకు క్షయ అని తేలిన ఏడాది. శానిటోరియంలో ఉచితంగా మంచం దొరకాలంటే దరఖాస్తులో జబ్బు పేరు రాయాలి. రాస్తే రైల్వే ఉద్యోగం ఊడుతుంది, క్వార్టరు పోతుంది. రాయకపోతే మంచం లేదు. రాయపూర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని, ఎవరి మీదో తెలియని కోపంతో కూర్చున్నాను.

పక్కన తిల్దా ఊరెళ్లే బండి కోసం చూస్తున్న పెద్దావిడ నా కాగితం చూసి, తన సంచిలోంచి అలాంటి దరఖాస్తే తీసింది. మడతల దగ్గర చిరిగిపోయింది. భర్త పేరు, పని, ఊరు అన్నీ ఉన్నాయి. జబ్బు గడి మాత్రం ఖాళీ.

"క్వార్టరు పోద్దని రాయలేదు బేటీ. ఆయన పోయినాక వారం తిరక్కుండానే ఖాళీ సెయ్యమన్నారు."

బండి వచ్చింది, ఆమె వెళ్లిపోయింది. నేను గడి నింపాను.

మా ఆయన శానిటోరియం నుంచి తిరిగొచ్చిన నెలకు రైల్వే వాళ్లు క్వార్టరు ఖాళీ చేయించారు. సామాను ఇద్దరం కలిసే సర్దుకున్నాం.