గీజర్‌లో చల్లనీళ్ళు

ఉప్పు పేరుకున్న ఇత్తడిని వెనిగర్‌లో నానేస్తే ఒక వాసన వస్తుంది. పుల్లగా ఉంటుంది, వెనకాల తుప్పు ఘాటు కూడా తగులుతుంది. పోయిన బుధవారం సాయంత్రం కువైట్‌లో, సల్వాలోని మా ఫ్లాట్‌లో, బాత్‌టబ్బులో గొంతుక్కూర్చుని, షవర్ మీట విప్పి గిన్నెలో వేసినప్పుడు ఆ వాసన గుప్పుమంది. మీట పైకి లాగితే నీళ్ళన్నీ షవర్‌కు ఎక్కాలి. మాకు సగం ఎక్కుతున్నాయి, తక్కిన సగం కింది కొళాయిలోంచి టబ్బులోకి పోతున్నాయి. "హారిస్‌ని పిలువు, పది నిమిషాల పని" అన్నాడు మా ఆయన. హారిస్ అంటే ఇక్కడ బిల్డింగ్ కాపలా చూసుకుంటూ, పాడైన కొళాయిలూ బల్బులూ సరిచేసే మనిషి. నేను హారిస్ కూతుర్ని. ఇంకో హారిస్‌ని పిలిచి మా ఇంటి కొళాయి విప్పిస్తానా?

పైగా శుక్రవారం లక్ష్మక్క కూతురు నాగవేణి వస్తానంది. ఇక్కడే నర్సు ఉద్యోగంలో చేరి నెలైందట. లక్ష్మక్క కూతురు మా ఇంటికి వస్తోందనగానే నాకు గుర్తొచ్చింది వంట కాదు, స్నానాలగది. ఎందుకో చెప్పాలంటే ఇరవై ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి, జాబ్రియాలో అయిదంతస్తుల బిల్డింగ్ కింద ఉన్న మా రెండు గదుల్లోకి.

మా నాయనది రాయచోటి పక్క పల్లె. ఆ బిల్డింగ్‌కు ఆయనే హారిస్. పది ఫ్లాట్లలోనూ రకరకాల దేశాలవాళ్ళు ఉండేవాళ్ళు కాబట్టి, మెట్ల మీద ఒక్కో అంతస్తుకు ఒక్కో తాళింపు వాసన: ఒకచోట వెల్లుల్లి, ఒకచోట కొబ్బరినూనె, ఒకచోట యాలకుల కాఫీ, అన్నిటికంటే కింద మా అమ్మ వేయించే చెనిక్కాయల కమ్మదనం. ఖర్జూరం గింజలు కడిగి ఆరబెట్టుకుని లిఫ్ట్ ముందు చల్లటి పాలరాతి మీద గచ్చకాయలాడేవాళ్ళం నేనూ, రెండో అంతస్తు మలయాళీ పిల్లలూ. నాలుగు గింజలు గాల్లో ఉండగా లిఫ్ట్ తలుపు తెరుచుకుందో, ఆట మొత్తం ఎవరి బూట్ల కిందికో పోయేది. వినాయక చవితికి అమ్మ కుడుములు వండితే పది ఫ్లాట్లకూ పంచిపెట్టే పని నాదే. మూడో అంతస్తు సిరియా ముసలమ్మ వాటిని మీద చక్కెర చల్లుకుని తినేది. అది చూసి అమ్మకు ఎక్కడలేని నవ్వు వచ్చేది.

మేలో అసలైన తమాషా మొదలయ్యేది. మిద్దె మీది ట్యాంకు ఎండకు కాగిపోయి, నీలం గుర్తున్న కొళాయి తిప్పితే చెయ్యి చుర్రుమనేది. అందుకని గీజర్ స్విచ్ ఆపేసేవాళ్ళం. ఏసీ చలువకు గీజర్ కడుపులో నిలవున్న నీళ్ళు చల్లబడేవి. అంటే అక్టోబరు దాకా మా ఇంట్లో ఎర్ర గుర్తు కొళాయిలో చల్లనీళ్ళు, నీలం గుర్తు కొళాయిలో మరిగే నీళ్ళు. ఊర్లో మా చుట్టాలకు ఈ సంగతి చెబితే కువైట్ ఎండకు పాపకు మతి పోయిందని జాలిపడ్డారు. అయితే ఆ చల్లనీళ్ళు గీజర్‌లో పట్టినన్నే. ఇద్దరు తలస్నానం చేస్తే ఖలాస్, ఆ తర్వాత అందులోనూ ట్యాంకు నీళ్ళే.

ఆ ఇద్దరి నీళ్ళను ముగ్గురికి సరిపెట్టింది మా కారే షవర్. మీట లాగితే సగం నీళ్ళే పైకెక్కుతున్నాయని చెప్పాను కదా, ఆ జబ్బు అప్పుడు మా ఇంట్లోనూ ఉండేది. కింద కారే చల్లనీళ్ళకు అమ్మ బకెట్ పెట్టేది. ఒకరు షవర్ కింద నిలబడి పోసుకుంటుంటే తర్వాతివాళ్ళకు బకెట్ నిండుతుండేది. బిల్డింగ్‌లో అందరి కొళాయిలూ బాగుచేసే నాయన మాదాని జోలికి వస్తే చాలు, అమ్మ గరిటె పట్టుకుని వంటగదిలోంచి వచ్చేసేది.

శుక్రవారం మా ఇంటికి ఇద్దరు చుట్టాలు వచ్చేవాళ్ళు. చుట్టాలంటే రక్తసంబంధం కాదు, రాయచోటి సంబంధం. ఒకరు మా వీధిలోనే ఒక ఇంట్లో పనిచేసే ఖాదర్‌బీ పిన్ని. రెండోవాళ్ళు లక్ష్మక్క, ముబారక్ అల్ కబీర్‌లో ఒక పెద్దింట్లో వంటమనిషి. వారమంతా గబగబా నాలుగు చెంబులు కుమ్మరించుకుని బయటపడే ఆ ఇద్దరికీ మా ఇంట్లో తలంటు పండగే. టబ్బులో పీట వేసుకుని, ఊరినుంచి తెప్పించిన సీకాయ పొడి గంజిలో కలిపి, ఒకరి తల ఒకరు రుద్దుకుంటూ, తమ తమ ఇళ్ళ మామాల, అంటే యజమానురాళ్ళ, నడకా మాటా అనుకరిస్తూ నవ్వే నవ్వులు బయటి మెట్ల దాకా వినబడేవి. ఆ తర్వాత తడి జుట్లు వీపున పరుచుకుని బొరుగుల ఉగ్గాని తినేవాళ్ళు. సీకాయ, తాళింపు, కొత్త సబ్బు కలిసిన ఆ గాలి ఇప్పుడు తలుచుకున్నా నాకు హాయిగా ఉంటుంది.

నాకు పదకొండేళ్ళప్పుడు, ఆగస్టు ఎండల్లో ఒక శుక్రవారం, లక్ష్మక్క ఊరికి పోతోంది. అయిదేళ్ళ తర్వాత. మూడేళ్ళ పిల్లను దాని జేజి దగ్గర, అంటే తన అత్తగారి దగ్గర, వదిలి వచ్చింది, ఇప్పుడా పిల్లకు ఎనిమిది. మధ్యాహ్నం మూడింటికి వాళ్ళ ఇంటి డ్రైవర్ వచ్చి మా వాకిట్లోంచే ఎయిర్‌పోర్ట్‌కు తీసుకెళ్తాడు. అందుకని పెట్టెతో సహా పొద్దున్నే మా ఇంట్లో దిగింది. ఖాదర్‌బీ పిన్ని ఆమెను కూర్చోబెట్టి మాడు నుంచి చెవుల దాకా నూనె పట్టించింది.

సరిగ్గా అప్పుడే మా నాయనకు ప్రేమ పొంగింది. "లక్ష్మి ఊరికి పోతాండాది. ఈ పొద్దన్నా నిండుగా నీళ్ళు పడల్ల" అంటూ పానా పట్టుకుని స్నానాలగదిలో దూరాడు.

"ఈ పొద్దే ఏంటికి? రేపు చేసుకోరాదా?" అంది అమ్మ. ఆయన అప్పటికే టబ్బులో ఉన్నాడు.

నీలం కొళాయి తాలూకు వాల్వు కట్టేశాడు. ఎర్రదాని సంగతి తట్టలేదు. గీజర్ మే నుంచీ ఆపేసి ఉంది కదా, ఆపేసిన యంత్రంలోంచి నీళ్ళేం వస్తాయనుకున్నాడో ఏమో! రోజూ దాని నీళ్ళే పోసుకునే మనిషి ఆ మాట మరిచిపోయాడు. మీట విప్పీ విప్పగానే గీజర్‌లోని చల్లనీళ్ళన్నీ ఎగజిమ్మి ఆయన మొహానా, గోడకూ, టబ్బులోకీ పోయాయి. గీజర్ వాల్వేమో ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. అది కదిలి కట్టుకునేలోగా లోపలున్న చలవంతా బయటికి పోయి, ట్యాంకులోంచి మరిగే నీళ్ళు వచ్చి నిండాయి. నాయన పానా పట్టుకుని బయటికి వచ్చాడు, నిలువునా తడిసి.

ఎవరూ తిట్టలేదు. లక్ష్మక్క ఏడ్చేసింది.

"నూనె తలకాయతో బయల్దేరల్లనా వదినా? అయిదేండ్లకు పోతాండా, నా బిడ్డ ముందర ఇట్లనే నిలబడల్లా?"

నూనె తలతో ప్రయాణం కట్టడం మావైపు ఎంత కీడో నాకు ఆ వయసుకే తెలుసు. ఒంటిగంట దాటింది. వంటింటి కొళాయిలో నీళ్ళు వస్తున్నాయి కానీ చెయ్యి పెట్టలేం. బకెట్లో పట్టి చల్లారబెడదామంటే ఆ వేడి గంటన్నరలో ఎక్కడ దిగుతుంది? మా ఫ్రిజ్‌లో ఉన్నవి రెండే సీసాలు.

ఖాదర్‌బీ పిన్ని లేచి చున్నీ సర్దుకుంది. "ఏడుపు తర్వాత ఏడుద్దువులే. పాపా, రా నాతో. మేడ మీద ఇండ్లన్నిట్లో ఫ్రిజ్జులు ఉండాయి కదా!" అంది.

ఇద్దరం మెట్లెక్కాం. ప్రతి తలుపూ తట్టాం. పిన్ని అరబీలో మొదలుపెట్టి, సగంలో హిందీలోకి దిగి, చివరికి తన నెత్తి మీద చెయ్యి పెట్టి రుద్ది చూపించేది. శుక్రవారం మధ్యాహ్నం నిద్రల్లోంచి లేచి వచ్చినవాళ్ళు ముందు అయోమయంగా చూసి, తర్వాత నవ్వేసి, సీసాలు తెచ్చిచ్చేవాళ్ళు. మలయాళీ ఆంటీ రెండు ట్రేల ఐసు ఇచ్చింది. అయిదో అంతస్తు ఈజిప్టు మాస్టారు పెద్ద నీళ్ళ క్యాన్ తనే భుజాన వేసుకుని దిగాడు, "యల్లా, యల్లా" అని నన్ను తరుముతూ. సిరియా ముసలమ్మ తన జగ్గులో పుదీనా, నిమ్మచెక్కలు తేలుతుంటే అలాగే ఇచ్చేసింది. నా చేతులు చలికి మొద్దుబారాయి, వీపున చెమట కారుతోంది. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ పరిగెత్తలేదు.

వంటింటి మరిగే నీళ్ళలో పది ఫ్లాట్ల చల్లనీళ్ళు కలిపింది అమ్మ. ఊళ్ళో కాగునీళ్ళకు తొట్టి నీళ్ళు కలిపినట్టే, మోచెయ్యి ముంచి చూసి, ఇంకో సీసా వంచి. లక్ష్మక్క టబ్బులో కూర్చుంది, ఖాదర్‌బీ పిన్ని సీకాయ రుద్దింది, నేను చెంబుతో పోశాను. కరగని ఐసుముక్క ఒకటి వీపున జారి ఆమె కెవ్వుమంటే అందరం పడిపడి నవ్వాం. మూడింటికి కారు వచ్చేసరికి లక్ష్మక్క జడ వేసుకుంది, జడలో ఇరుక్కున్న పుదీనా ఆకు నేను తీస్తుంటే "ఉండనీలే పాపా" అని ఎక్కేసింది. నాయన కారు వెనకాల కొంతదూరం నడిచాడు, ఇంకా తడిబట్టలతోనే.

ఆ తర్వాత ఆయన మీట లోపల నలిగిన రబ్బరు రింగు తీసేసి, నూలుదారానికి వ్యాజలైన్ పూసి చుట్టి బిగించాడు. ఒక్క చుక్క కారలేదు. మరుసటి శుక్రవారం ఖాదర్‌బీ పిన్నీ, నేనూ స్నానం చేసొచ్చాక చూస్తే బకెట్ ఖాళీ, అమ్మకు చల్లనీళ్ళు లేవు. అమ్మ నాయన వైపు చూసింది. ఆయన లోపలికి వెళ్ళి ఆ దారం విప్పేసి వచ్చాడు.

లక్ష్మక్క మళ్ళీ కువైట్ రాలేదు. ఊళ్ళోనే ఉండిపోయింది.

మా షవర్ బుధవారమే బాగైంది. కొత్త రింగు వేశాను, ఉప్పంతా గీకాను. శుక్రవారం నాగవేణి వచ్చింది, ముప్పై ఏళ్ళ మనిషి, విరబోసుకున్న జుట్టులోంచి షాంపూ వాసన. తన ఫ్లాట్‌లో తనకు వేరే స్నానాలగది ఉందట, పోసుకునే వచ్చింది. సంతోషించాల్సిన మాటే, సంతోషించాను కూడా. అయినా ఆగలేక ఆమెను లోపలికి పిలిచి మీట లాగి చూపించాను, పాపం మర్యాదకు బాగుందంది. తర్వాత కంచాల ముందు కూర్చున్నప్పుడు ఈ కథంతా చెప్పాను. ఆమె నవ్వింది. కాసేపటికి నవ్వడం ఆపేసింది.

"మా అమ్మ ఇంటికి వచ్చినప్పుడు నేను దగ్గరికి పోలేదక్కా. నాకు మొగమే తెలీదు. జేజి వెనకాల దాక్కుంటి. అమ్మ నన్ను ఎత్తుకునేదానికని వంగినప్పుడు జడ నా మొగం మీద పడింది. సీకాయ వాసన. మా జేజి తల కూడా అదే వాసన. అప్పుడు పోతి అమ్మ చంకకు."

నూనె తలతో వెళ్తే కీడని భయపడ్డాం మేము. ఆ పూట అన్ని మెట్లూ దిగివచ్చిన సీసాలు ఒక ఎనిమిదేళ్ళ పిల్లకు అమ్మను చూపించడానికని మాలో ఒక్కరికీ తెలియదు. జాబ్రియాలో ఆ బిల్డింగ్‌ను కొట్టేశారు, ఇప్పుడక్కడ ఇసుకలో కార్లు నిలుపుతున్నారు. ఆ తలుపులు తీసినవాళ్ళలో ఒక్కరికైనా ఈ మాట చెప్పాలని నాకు ఎంతో ఉంది. వాళ్ళు ఏ దేశాల్లో ఉన్నారో, ఎవరు మిగిలారో కూడా నాకు తెలియదు.